కంప్యూటరు రేడియోలో తెలుగు పాఠం – పిల్లవాడి వంతు



కంప్యూటరులో దాచుకున్న ధ్వని ఫైళ్లను రేడియో ట్రాన్స్‌మిటర్ ద్వారా ఎలా ప్రసారం చేస్తారో ఈ వ్యాసంలో వివరించదలచాను. తెలుగు చెప్పుకునే పంతులుకు ఈ యంత్రాల గొడవ దేనికని మీరు అడగవచ్చు. ముందు ఆ ప్రశ్నకు జవాబు చెప్పి, తరువాత యంత్రం దగ్గరకు వస్తాను.

రాయగడ, గుణుపురం, జయపురం, కొరాపుట్ ప్రాంతాలలోని మన తెలుగు పిల్లల సంగతి మీకు తెలియనిది కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా లేదా దేసియా, బడిలో ఎక్కువ చోట్ల ఒడియా. నాలుగవ తరగతి పిల్లవాడిని పిలిచి, నిన్న సంతలో ఏమి చూశావురా అని అడగండి. పది నిమిషాలు ఆపకుండా తెలుగులో చెబుతాడు. అదే పిల్లవాడి చేతికి తెలుగు వాచకం ఇవ్వండి. రెండవ పంక్తి దగ్గర ఆగిపోతాడు. వాడి తెలుగు చెవిలోనూ నాలుకపైనా భద్రంగానే ఉన్నది. కంటి దాకా ఇంకా రాలేదు. కనుక వాడికి చదువు చెప్పే దారి చెవి నుండే మొదలు కావాలని నా అనుభవం చెబుతున్నది. చెవికి పాఠం చెప్పే సాధనాలలో రేడియోను మించినది నాకు కనబడలేదు.

ఈ ప్రాంతపు చరిత్ర కొంచెం గుర్తు చేసుకుందాము. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు ఈ కొండనాడు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం ఏజెన్సీలో భాగం. 1992 అక్టోబరు 2న ఉమ్మడి కొరాపుట్ జిల్లాను విభజించినప్పుడు రాయగడ వేరు జిల్లా అయింది. సరిహద్దు గీతలు ఇన్నిసార్లు మారినా ఇళ్లలోని భాష మారలేదు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో విద్య అందేలా వసతులు కల్పించాలని 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. తరగతిలో 10 మందిగాని, బడి మొత్తంలో 40 మందిగాని ఆ భాష పిల్లలు ఉంటే ఆ భాషలో బోధించాలన్న సూత్రం అంతకు ముందే, 1949లో, రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశంలో కుదిరింది.

చట్టం తరగతిని ఇస్తుంది. ఆ తరగతిలో మాట్లాడవలసిన గొంతును ఎవరు ఇస్తారు? ఒక తెలుగు పంతులు పదవీ విరమణ చేసి, ఆ స్థానం ఖాళీగా ఉండిపోయిన బడులను మీరూ చూశారు, నేనూ చూశాను. మిగిలిన ఒక్కరే రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకుంటారు. ఒక తరగతికి పాఠం చెబుతుంటే మరొక తరగతి పలకలు పట్టుకుని ఎదురుచూస్తుంది. ఆ ఎదురుచూసే పిల్లలకు రెండవ గొంతు కావాలి. రేడియో మీద నాకు ఆసక్తి కలిగింది అక్కడే.

గాలికి సరిహద్దు లేదని మన పెద్దలకు అనుభవం. విశాఖపట్నం ఆకాశవాణి 1963లోను, జయపురం ఆకాశవాణి 1964లోను మొదలయ్యాయి. ఈ కొండల్లో రేడియో పెట్టె ఉన్న ఇంట్లో ముల్లు ఒక పక్కకు తిప్పితే ఒడియా, మరొక పక్కకు తిప్పితే తెలుగు వినిపించేవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక తరగతుల కొరకు "విందాం – నేర్చుకుందాం" అనే పాఠాలు ఆకాశవాణిలో వచ్చేవి. కరోనా వలన బడులు మూతపడిన 2020లో ఒడిశా ప్రభుత్వం "రేడియో పాఠశాల" పేరుతో ఒడియాలో పాఠాలు ప్రసారం చేయించింది. అది మంచి పనే. కాని తెలుగు మాధ్యమంలో చదివే పిల్లవాడికి తన వాచకంలోని పాఠం తన భాషలో వినవలసిన అవసరం అలాగే మిగిలిపోయింది.

ఇక యంత్రం దగ్గరకు వద్దాము. అనుమతి పొందిన ఒక సమాజ రేడియో కేంద్రంలో సెలవు రోజుల్లో కూర్చుని ఈ పని నేర్చుకున్నాను. ఒకప్పుడు టేపులు, పెద్ద గదులు, ఇంజనీర్లు కావలసిన పని ఇప్పుడు ఒక కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి చేయగలిగినంత చిన్నదయింది. దాని నడక ఇది.

కంప్యూటరులోని ఫైలు సౌండ్ కార్డు ద్వారా విద్యుత్ సంకేతంగా బయటకు వస్తుంది. అక్కడి నుండి మిక్సర్‌కు వెళుతుంది. మైకు శబ్దాన్నీ ఫైలు శబ్దాన్నీ తగిన పాళ్లలో కలిపేది మిక్సర్. తరువాత లిమిటర్ అనే పరికరం హద్దు మీరిన శబ్దాన్ని అణచిపెడుతుంది. ఆ తరువాత ట్రాన్స్‌మిటర్. అది శబ్దాన్ని రేడియో తరంగంపైకి ఎక్కించి, తీగ ద్వారా గోపురంపై ఉన్న యాంటెనాకు పంపుతుంది. మన దేశంలో సమాజ రేడియోకు అనుమతించే ప్రసార శక్తి సాధారణంగా 100 వాట్లకు మించదు. యాంటెనా ఎత్తు నేల నుండి 30 మీటర్లకు మించరాదు. అది సుమారు 5 నుండి 10 కిలోమీటర్ల మేర వినిపిస్తుంది. ఎఫ్‌ఎం తరంగం చూపు సాగినంత దూరమే సాగుతుంది. 1,672 మీటర్ల ఎత్తున్న దేవమాలి నిలుచున్న కొరాపుట్‌లో, ఒక కొండ అడ్డువస్తే అవతలి పల్లెకు ఇవతలి మాట అందదు. మన ప్రాంతంలో ఎక్కడ గోపురం నిలపాలన్నా ఈ విషయం ముందు ఆలోచించవలసి ఉంటుంది.

కంప్యూటరులో ఫైళ్లను వరుసగా పలికించే సాఫ్ట్‌వేరు ఒకటి ఉంటుంది. ఉదయం ఆరు గంటలకు ఏది, ఆరుంబావుకు ఏది అని ముందురోజే ప్లేలిస్టు కట్టి పెడితే, మనిషి లేకపోయినా ప్రసారం సాగిపోతుంది. ఈ పనిలో నేను నేర్చుకున్న జాగ్రత్తలు కొన్ని చెబుతాను. యాంటెనా తగిలించకుండా ట్రాన్స్‌మిటర్‌కు విద్యుత్తు ఇవ్వరాదు. బయటకు పోవలసిన శక్తి వెనక్కు తిరిగివచ్చి యంత్రాన్నే కాల్చివేస్తుంది. ప్రసారం చేసే కంప్యూటరులో మరే పనీ చేయరాదు. ఎవరో ఒక ఉత్తరం పంపితే మోగే గంట కూడా ఊరంతా వినిపిస్తుంది. ధ్వని ముద్రించేటప్పుడు సూచిక సున్నా డెసిబెళ్ల గీతను తాకకుండా, ఆరు డెసిబెళ్లు కిందనే ఉండేలా చూసుకోవాలి. పగిలిన శబ్దాన్ని తరువాత ఎవరూ అతికించలేరు. కరెంటు పోతే నిలబెట్టే యూపీఎస్ తప్పనిసరి.

భాష చెప్పే మనకు మాత్రమే పట్టే విషయం ఒకటి ఉన్నది. మీడియం వేవ్ ప్రసారంలో సుమారు 5 కిలోహెర్ట్జ్‌లకు పైనున్న ధ్వనులు చాలావరకు పోతాయి. సకారపు బలం ఎక్కువగా ఆ పైనే ఉంటుంది. అందువలన పాత రేడియోలో శ, ష, సల తేడా చెవికి సరిగా అందేది కాదు. ఎఫ్‌ఎం ప్రసారం 15 కిలోహెర్ట్జ్‌ల వరకు మోసుకుపోగలదు. అయితే ఫైలు చిన్నది కావాలని మరీ కుదించితే ఆ లాభం పోతుంది. అరగంట పాఠాన్ని కుదించకుండా ఒకే చానెల్‌లో దాచితే సుమారు 159 మెగాబైట్లు అవుతుంది. 128 కిలోబిట్ల ఎంపీ3గా మార్చితే సుమారు 29 మెగాబైట్లే. ఇంతవరకు తగ్గించవచ్చు. ఇంకా బాగా తగ్గిస్తే ముందుగా నలిగిపోయేవి మనం నేర్పదలచిన ఊష్మాక్షరాలే.

ఇప్పుడు నేను అన్నిటికన్న ముఖ్యమని భావించే సంగతి. రేడియో వాళ్లకు నిశ్శబ్దం అంటే భయం. ప్రసారంలో కొన్ని క్షణాలు ఏమీ వినబడకపోతే వినేవాడు స్టేషను మూతపడిందనుకుని ముల్లు తిప్పేస్తాడు. అందుకని ప్రసార సాఫ్ట్‌వేరులో నిశ్శబ్దాన్ని పసిగట్టే ఏర్పాటు ఉంటుంది. నిర్ణయించిన సమయం దాటి శబ్దం లేకపోతే, ఫైలు పాడైనదని తలచి యంత్రం తనంతట తానే తరువాతి ఫైలుకు వెళ్లిపోతుంది.

పాఠం సంగతి ఇందుకు పూర్తిగా వేరు. ప్రశ్న అడిగిన తరువాత గురువు ఊరుకోవాలి. ఆ ఊరుకున్న కాసేపే పిల్లవాడి వంతు. రేడియో పాఠాలలో ఈ పద్ధతి 1974లో మధ్య అమెరికాలోని నికరాగువాలో, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు చేపట్టిన గణిత బోధన ప్రయోగంతో రూపుదిద్దుకున్నది. రేడియోలోని గొంతు ప్రశ్న అడిగి ఆగుతుంది. తరగతిలోని పిల్లలు గట్టిగా జవాబు చెబుతారు. ఆ తరువాత రేడియో సరైన జవాబు చెబుతుంది. ఆ ఖాళీ లేకపోతే పాఠం ఉపన్యాసమై కూర్చుంటుంది.

నేను తయారు చేసిన మొదటి పాఠాన్ని వినగానే ఆ కేంద్రంలో యంత్రం చూసే యువకుడు, "మాస్టారూ, మీ పాఠంలో మధ్య మధ్య ఏమీ వినబడదు కదా, దీన్ని యంత్రం ఉండనివ్వదు" అన్నాడు. ఇద్దరం కూర్చుని ఉపాయం ఆలోచించాము. ఖాళీలలో గడియారం టిక్కుటిక్కుమనే చప్పుడును సన్నగా కలిపాము. మాట పలకడానికి నాలుగు క్షణాలు, వాక్యం చెప్పడానికి ఎనిమిది క్షణాలు. యంత్రానికి అది శబ్దం. పిల్లవాడికి అది "ఇప్పుడు నువ్వు చెప్పు" అనే సైగ. మీరు రేడియో కొరకుగాని, తరగతిలో వినిపించడానికిగాని పాఠం ముద్రించదలచితే ఈ ఒక్క ఉపాయాన్ని గుర్తుంచుకోవలసినదిగా మనవి.

అయితే ఆ ఖాళీలో పిల్లవాడు ఏ తెలుగులో జవాబు చెబుతాడు? అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. "మీ అమ్మ ఏమి చేస్తున్నది?" అని పాఠం అడిగితే మన పిల్లవాడు "బువ్వొండతంది" అంటాడు. ఎనిమిది క్షణాల తరువాత పెట్టె "అమ్మ అన్నం వండుతున్నది – ఇదీ సరైన జవాబు" అని ప్రకటిస్తే ఏమవుతుందో తరగతిలో కూర్చుని చూశాను. రెండవ ప్రశ్నకు గొంతులు సగమయ్యాయి. మూడవ ప్రశ్నకు గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒడియా తరగతిలో తన తెలుగు పనికిరాదని పిల్లవాడు ఇదివరకే నేర్చుకున్నాడు. తెలుగు పాఠంలో కూడా తన తెలుగు తప్పని వింటే వాడు ఇక మాట్లాడేది ఏ భాషలో? ఊరుకోవడం అలవాటైన పిల్లవాడు కొన్నాళ్లకు తెలుగు తరగతికే రాడు. అటువంటి పిల్లలు పదిమంది లేనప్పుడు, పైన చెప్పిన సూత్రం ప్రకారం ఆ తరగతే ఉండదు.

అందుచేత జవాబు వాక్యాన్ని మార్చాము. ఇప్పుడు ఆ గొంతు "అలాగా! బాగా చెప్పావు. మీ అమ్మ చేసే ఆ పనిని పుస్తకంలో 'అమ్మ అన్నం వండుతున్నది' అని రాస్తారు. వాచకంలో వేలు పెట్టి చూడు" అంటుంది. ఇంటి మాట ఇంటి మాటగా నిలిచింది. పుస్తకపు మాట దాని పక్కన వచ్చి కూర్చున్నది. చెవి నుండి కంటికి వంతెన పడింది.

ఈ ఆలోచన నాకు స్వయంగా పుట్టినదని చెప్పుకోను. తెలంగాణలోని జహీరాబాదు దగ్గర మాచనూరు అనే పల్లెలో "సంఘం రేడియో" ఉన్నది. 2008 అక్టోబరు 15న జస్టిస్ పి.బి.సావంత్ దానిని ప్రారంభించారు. దళిత మహిళలు నడిపే ఆ కేంద్రంలో యంత్రాలు చేపట్టినవారు నర్సమ్మ అనే పేరు గల ఇద్దరు మహిళలు. వారు ప్రసారానికి అనుమతి రాకముందే కొన్నేళ్ల పాటు తమ మాటలను, పాటలను టేపులపై ముద్రించి, సంఘాల సమావేశాలలో వినిపించుకున్నారు. పెద్ద రేడియోలలో తమ యాస వినబడదు కనుక తమ రేడియో తమకు కావాలన్నది వారి వాదన. జహీరాబాదు తెలుగుకు చెల్లిన న్యాయం రాయగడ తెలుగుకు చెల్లదా?

మన ప్రాంతంలోనే నూరేళ్ల క్రితం ఈ దారి చూపినవారు గిడుగు వేంకట రామమూర్తి గారు. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఆయన బడిపంతులు. సవరల నోట విని వారి భాష నేర్చుకున్నారు. వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు. 1931లో ఆయన సవర వ్యాకరణం వెలువడింది. సవర పల్లెలలో తిరిగినప్పుడు సోకిన మలేరియాకు క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. వ్యావహారిక తెలుగు బడిలోకి రావాలని పోరాడినదీ ఆ చెవులే. పిల్లవాడి నోటి మాటను ముందు వినమన్నదే ఆయన చెప్పిన బోధన పద్ధతి.

చట్టం గురించి తప్పక హెచ్చరించాలి. బజారులో చవకగా దొరికే ట్రాన్స్‌మిటర్ కొని బడి కప్పు మీద పెడదామన్న ఉత్సాహం కొందరికి కలగవచ్చు. అది నేరము. ఈ విషయం 1885 నాటి టెలిగ్రాఫు చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం చాలా కాలం చూశాయి. వాటి స్థానంలోకి పార్లమెంటు 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టాన్ని తెచ్చింది. 2002లో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు "మన రేడియో" పేరుతో చిన్న కేంద్రం నడిపితే, అనుమతి లేదన్న కారణంతో అది కొద్ది నెలలకే మూతపడింది. వాయు తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసిన ధర్మాసనంలో జస్టిస్ సావంత్‌తో పాటు మన తెలుగువారు జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. అయినా ప్రజలదైన ఆ ఆస్తిని వాడుకోవడానికి అనుమతి పత్రం కావాలి. 2002 చివరలో విద్యాసంస్థలకు, 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకు కేంద్రప్రభుత్వం ఆ దారి తెరిచింది. కార్యక్రమాలు వీలైనంతవరకు స్థానిక భాషలోనో యాసలోనో ఉండాలని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. కొరాపుట్‌లో రేడియో ధింసా అనే సమాజ రేడియో దేసియా మాటకు అటువంటి చోటు కల్పించింది. రాయగడలోను, గుణుపురంలోను తెలుగు కూడా స్థానిక భాషే అని మనం అడగడంలో తప్పేమీ లేదు.

గోపురం వచ్చే దాకా ఆగవలసిన పని లేదు. ఒక పాత కంప్యూటరు, ఉచితంగా లభించే ఆడాసిటీ సాఫ్ట్‌వేరు, చేతిలో ఉన్న ఫోను, ఒక చిన్న స్పీకరు చాలును. తరగతి గదిలో స్పీకరు ద్వారా ఫైలు వినిపించడానికి ప్రసార అనుమతి అక్కరలేదు. సంఘం రేడియో మహిళలు టేపులతో చేసినదే మనం ఫైళ్లతో చేయవచ్చు. అవే ఫైళ్లను అనుమతి ఉన్న కేంద్రానికి ఇస్తే వారు ప్రసారం చేయగలరు. నేను పాటిస్తున్న వరుస ఇది: మొదట ఊరిలోని అవ్వగాని తాతగాని తమ మాటలో చెప్పిన చిన్న కథ, మూడు నిమిషాలు. తరువాత దానిపై అయిదు ప్రశ్నలు, ప్రతి ప్రశ్న వెనుక ఖాళీ. తరువాత అదే కథను వాచకపు తెలుగులో నిదానంగా చదవడం. అప్పుడు పిల్లలు అచ్చు కాగితంపై వేలు జరుపుతూ వింటారు. చివర ఒక పిల్లవాడి గొంతులో ఒక పేరా. ప్రతి వారం వేరొక పిల్లవాడు. మొత్తం పదిహేను నిమిషాలు. పంతులు పక్క తరగతికి లెక్కలు చెబుతున్నప్పుడు ఈ తరగతి వింటూ, పలుకుతూ, చదువుతూ ఉంటుంది.

దీని వలన ఖాళీగా ఉన్న పంతులు స్థానం నిండదు. ఆ మాట అధికారులతోనూ అనరాదు, మనలో మనమూ అనుకోరాదు. యంత్రం ప్రశ్న అడగగలదు, ఎనిమిది క్షణాలు ఆగగలదు. పిల్లవాడు చెప్పిన జవాబును విని మెచ్చుకోవడం మాత్రం దానికి రాదు. "అలాగా, బాగా చెప్పావు" అని నేను ముద్రించిన మాట కూడా పిల్లవాడు ఏమీ చెప్పకపోయినా మోగుతుంది. నిజంగా వినడానికి మనిషి కావాలి. కనుక పాఠం మోగుతున్నంతసేపు ఒక చెవిని ఆ తరగతి వైపు ఉంచండి. ఏ ఖాళీలో గొంతులు తగ్గాయో గుర్తు పెట్టుకుని, మరుసటి వారం ఆ ప్రశ్నను మార్చి ముద్రించండి.

మీ ఊరి అవ్వల కథలు ముద్రించినవారు నాకు తెలియజేస్తే, మన పాఠాలను ఒకరివి ఒకరం మార్చుకుందాము. గుణుపురం కథ జయపురంలోను, జయపురం కథ రాయగడలోను వినిపించాలి. ఒక మనవి మాత్రం మరువకండి: ఫైలు చిన్నది చేయాలని ఖాళీలను కత్తిరించవద్దు. అవి పిల్లలవి.